నానాటికీ బరువెక్కిన మూట

యువరాజు అభయసేనుడి మూట మూడోసారి కూడా తూకానికి నిలవలేదు.

శంఖకూట పర్వతం ఎక్కడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ కనుమ. దానికి అటూ ఇటూ మదపుటేనుగుల్లా నిలబడ్డ నల్లరాతి బండలు. వాటి నడుమ నుంచి పైకి చూస్తే మబ్బుల్ని చీల్చుకుపోయిన శిఖరాల వరస, ఆ శిఖరాల మీద ఉదయకాంతికి పగడపు రంగు తిరుగుతున్న మంచు, ఆ మంచు కరిగి పాయలు పాయలుగా దూకుతున్న సెలయేళ్ళు, వాటి తుంపరల్లో పుట్టి చెరిగిపోతున్న ఇంద్రధనుస్సులు. దేవతలు విహారానికి దిగే చోటు ఇదేనంటే నమ్మవచ్చు. ఇంత సొగసు కళ్ళెదుట ఉంటే మన యువరాజు చూస్తున్నది మాత్రం దూలానికి వేలాడుతున్న త్రాసు వంక. ఒక తట్టలో కొండవాళ్ళ గుండ్రాయి, రెండో తట్టలో ఆయన మూట. గుండ్రాయి గాలిలో హాయిగా ఊగుతోంది. మూట నేలకు అంటుకుని కూర్చుంది.

కొండవాళ్ళ కట్టడి అది. శంఖకూటం మీద జంతువును కొట్టినవాడు దాన్ని ఎముక కూడా వదలకుండా తన వీపు మీదే కిందికి తేవాలి. మాంసం కొండమీద పారేసి కొమ్ములు మాత్రం పట్టుకొచ్చినవాణ్ణి కనుమ దాటనివ్వరు. ఎక్కేటప్పుడే వీపు నిండిపోతే దిగేటప్పుడు దేనిమీద మోస్తాడు? అందుకని మూట గుండ్రాయి కంటే తేలికైతేనే పైకి పంపుతారు. రాజు మూటైనా కూలివాడి మూటైనా ఒకటే త్రాసు.

వైడూర్యపుర సింహాసనానికి వారసుడైన వాడికి ఇది ఎంత తలవంపుగా ఉండాలో అంతగానూ ఉంది. అయినా వెనక్కి తిరిగే వీల్లేదు. అక్కడ అంతఃపురంలో ఆయన చెల్లెలు కువలయ పట్టుపరుపు మీద మెల్లమెల్లగా రాయిగా మారిపోతోంది. ధూమ్రజటుడనే మాంత్రికుడు ఉద్యానవనంలో ఆమె మీద ఏదో పొడి చల్లి మాయమయ్యాడు. పాదాల దగ్గర మొదలైన ఆ రాతితనం యువరాజు బయలుదేరేనాటికి నడుము దాకా పాకింది. అది గుండెకు చేరేలోగా నీలశృంగమనే కొండమేక కొమ్ములోని మూలుగ తెచ్చి ఒంటికి రుద్దాలి. ఆ మేక ఈ కొండమీద తప్ప మరెక్కడా లేదు.

దారి చూపడానికి కొండవాళ్ళు ఇచ్చిన మనిషి జంగవ్వ. ఎండుకట్టెలాంటి ముసలిది. ఈ కొండ నా పెరడు అని చెప్పుకోవడం, పరాయివాళ్ళ మూటలు విప్పి వెటకారం చేయడం ఆమెకు మహా సరదా. పట్టుదుప్పటి తీసి అవతల పారేసింది. వెండిచెంబు, అద్దం, గంధపు పెట్టె, మార్చి కట్టుకునే బట్టలు ఒక్కొక్కటే కింద నిలబడ్డ సేవకుల మీదికి విసిరింది. యువరాజు మొదట పళ్ళు నూరాడు. తర్వాత ఆయనకే పట్టుదల పెరిగి, గరిటె కాడ విరిచాడు, దువ్వెనను సగానికి కోశాడు, చెప్పుల పట్టీల చివర్లు కత్తిరించాడు. ఆఖరికి బాణాల పొదిలోంచి మూడు తప్ప మిగతా బాణాలు కూడా తీసేశాక గుండ్రాయి కొద్దిగా కిందికి దిగింది. కొండవాళ్ళు తల ఊపారు.

కనుమ చివర కొండదేవత గద్దె ఉంది. గద్దె ముందు గుప్పెట్లో పట్టే నున్నటి రాళ్ళ కుప్ప. ఎక్కేవాడు అందులోంచి ఒక రాయి తీసి మూటలో వేసుకుంటాడు, తిరిగి వచ్చాక అక్కడే పెడతాడు. దాన్ని మొక్కురాయి అంటారు. దారిలో పారేసినవాడికి తిరుగుదారి కనపడదని వాళ్ళ నమ్మకం. గరిటె కాడ దగ్గర కూడా పేచీ పెట్టిన ఆ మనుషులు ఈ రాయిని మాత్రం తూచరు. దేవత రాయి బరువు అనడం చంకలో బిడ్డను బరువు అనడంతో సమానమని వాళ్ళ లెక్క. యువరాజు కుప్ప మీద పైన ఉన్న రాయి తీసి మూటలో పడేసి, జంగవ్వ వెంట నడిచాడు.

మొదటిరోజు మూట వీపు మీద ఉన్నట్టే తెలియలేదు. దేవదారు వనాల్లో కస్తూరి వాసన, కొమ్మల మీద నెమలికంఠం రంగు పక్షులు, కాళ్ళకింద దూదిలాంటి పచ్చిక. పొద్దుటి మూటను తలుచుకుని యువరాజుకే నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళూ వేటకు వెళ్తే తన వెనక డేరాలు, వంటవాళ్ళు, పల్లకీలు, సన్నాయి మేళం కూడా ఉండేవని జంగవ్వకు చెప్పాడు. ఆ సన్నాయి విని పారిపోని జంతువు చెవిటిదై ఉంటుందని ఆమె అన్నది.

ఆ మర్నాటి నుంచే తిరకాసు మొదలైంది. తిండి తింటున్న కొద్దీ మూట తేలిక కావాలి కదా. అది బరువెక్కింది. భుజాల మీద పట్టీలు కోసుకున్నాయి. యువరాజు మూట విప్పి చూశాడు. ఉన్నవే ఉన్నాయి. అటుకుల సంచి సగానికి తగ్గింది కూడా. సరేనని విరిగిన గరిటె పారేశాడు. మర్నాడు మూట ఇంకా బరువెక్కింది. సగం దువ్వెన పారేశాడు, మంచు మీద పరుచుకునే తోలు పారేశాడు. ఆపైన జంగవ్వ వద్దంటున్నా వినకుండా తాడు కూడా లోయలోకి విసిరేశాడు. ఆ సాయంత్రానికి ఆయన నడుము వంగిపోయి, గడ్డం మోకాళ్ళకు తగిలేలా ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. తను నిద్రపోతుంటే ముసలిది రాళ్ళు కూరుస్తోందని ఆయన అనుమానం. రాజుగారి బిడ్డ మోయలేక వంకలు వెతుకుతున్నాడని ఆమె అనుమానం. ఇద్దరూ రోజంతా పోట్లాడుకుంటూ ఎక్కారు. ఎవరి మాటా ఎవరూ నమ్మలేదు. ఆ రాత్రి ఆయన మూటను తలకింద పెట్టుకుని పడుకుని, తెల్లారి దాన్ని ఎత్తలేక మళ్ళీ చతికిలబడ్డాడు. జంగవ్వ నవ్వింది. ఆ నవ్వుకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడ చెల్లెలు రాయి అయిపోతుంటే ఇక్కడ తను ఒక అటుకుల మూట ఎత్తలేక కూర్చున్నాడు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

ఆ రోజే నీలశృంగం కనిపించింది. పాలనురుగులాంటి మంచు వాలు మీద, కాటుక పూసినట్టున్న కళ్ళతో, నుదుటి నుంచి వెనక్కి మెలితిరిగి నీలమణుల్లా మెరిసే కొమ్ములతో అది తిన్నగా ఆయన వంకే చూస్తూ నిలబడింది. గాలి ఎదురుగా వీస్తోంది. దూరం బాణానికి అందేదే. యువరాజు ఊపిరి బిగబట్టి విల్లు ఎక్కుపెట్టాడు. సరిగ్గా బాణం వదిలే క్షణంలో మూట ఎవరో పట్టి లాగినట్టు ఆయన్ను పక్కకు ఈడ్చింది. బాణం ఆకాశంలోకి పోయింది. మేక ఒక్క గెంతులో శిఖరం అవతలికి మాయమైంది. వైడూర్యపురంలో ఎగిరే పిచ్చుక కంట్లో కొట్టగలడని పేరున్న విలుకాడు మంచులో మోకాళ్ళ మీద పడి, తన విల్లును తనే కొట్టుకున్నాడు. ఈసారి జంగవ్వ నవ్వలేదు.

మేక జాడ పట్టుకుని వాళ్ళు ఒక అగాధం అంచుకు చేరారు. అవతలి గట్టుకు సన్నటి మంచువంతెన ఉంది. తాడు ఉంటే నడుముకు కట్టుకుని దాటేవాళ్ళే. తాడు లోయలో ఉంది. జంగవ్వ పిల్లిలా ముందు దాటింది. యువరాజు సగం దూరం వచ్చేసరికి కాళ్ళకింద పెళపెళమని చప్పుడైంది. వంతెన విరిగి అగాధంలోకి జారిపోయింది. ఆయన ఎగిరి అవతలి గట్టున ఉన్న రాతిమొనను రెండు చేతులతో పట్టుకున్నాడు. మూట కిందికి గుంజుతోంది. వేళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి. ఒక చేయి వదిలి మొలలోని కత్తి తీసి మూట పట్టీకి ఆనించాడు.

"కోయమాక దొరా, మొక్కురాయి ఉండాది దాంట్లో" అని జంగవ్వ పొర్లి వచ్చి ఆయన జుట్టు దొరకబుచ్చుకుంది. ఆ ముసలి చేతుల్లో అంత సత్తువ ఎక్కడిదో గాని, జుట్టు పట్టి, భుజం పట్టి, మూటతో సహా గట్టు మీదికి లాగి పడేసింది.

యువరాజు ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. మూట విప్పి మంచు మీద కుమ్మరించాడు. గుప్పెడు అటుకులు, చెకుముకి, మొక్కురాయి. అంతే. ఇంకేమీ లేదు. అటుకులు ఆమె చేతిలో పోసి బరువుందా అని అడిగాడు. లేదంది. చెకుముకి ఇచ్చాడు. లేదంది. మరి మిగిలింది ఏమిటని అడిగాడు.

"మొక్కురాయికి బరువుండదు" అంది జంగవ్వ. అలా అంటూనే ఆమె చూపు కిందికి పోయింది. పెట్టిన చోట రాయి లేదు. అది మంచులోకి మోచేతి లోతున దిగిపోయి ఉంది.

ముసలిదాని ముఖం పాలిపోయింది. ఈ కొండమీదికి ఆమె ఎందరినో తీసుకొచ్చింది, ప్రతివాడి మూటలో దారాలు కూడా లెక్కపెట్టింది. ఈ రాయిని మాత్రం ఒక్కనాడూ అరచేతిలో పెట్టుకుని చూడలేదు. చూడటమే తప్పనుకుంది. ఇప్పుడు దేవతకు దండం పెట్టి, మంచులోకి చేయి పోనిచ్చి, దాన్ని ఎత్తబోయింది. అది కదల్లేదు. "బరువుగానే ఉండాది" అని ఆ మాట పైకి అనేసింది.

అనగానే రాయి నిలువునా పగిలింది. నల్లటి పొగ సుడులు తిరుగుతూ లేచి, చుట్టూ మంచు గోడలా ఎగసి, ఆ సుడిలోంచి జడలు నేలను ఊడుస్తున్న ధూమ్రజటుడు బయటికి వచ్చాడు. ఆ ఊపుకు జంగవ్వ ఎగిరి బండకు కొట్టుకుంది. కాలి ఎముక విరిగిన చప్పుడు యువరాజుకు వినపడింది. ఆయన విల్లు అందుకునేలోగా మాంత్రికుడు బండ మీద తీరిగ్గా కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

వాడి గొప్పలు అన్నీ చెప్పడం అనవసరం. వాడు చెప్పుకున్నదాని సారాంశం ఇది. కొండదేవత గద్దెను మాంత్రికుడు తన కాళ్ళతో దాటితే అక్కడికక్కడే బూడిద. అందుకని ఎవరో ఒకరి వీపు మీద రావాలి. రాతి రూపంలో కుప్పలో కూర్చుంటే, తూచని రాయిని మోసుకొచ్చేవాడు తప్పకుండా దొరుకుతాడు. మోసే ప్రతి అడుగుకూ బరువెక్కడం మాత్రం వాడి చేతుల్లోనూ లేదు, మొదటి బాణం తప్పింది దానివల్లే. మంచి విలుకాడు కావాలి కనక, పెద్ద విలుకాడి చెల్లెలి మీద పొడి చల్లాడు. నీలశృంగం మూలుగ తింటే చావు ఉండదు, వాడికి కావలసింది అది.

"నాకు వేట చేతకాదు. నువ్వే కొట్టు, నువ్వే మొయ్యి. ఎక్కించిన వీపే నన్ను దింపుతుంది" అని ధూమ్రజటుడు పొగలా చెదిరిపోయాడు. యువరాజు వేసిన బాణం ఖాళీ బండకు తగిలి ముక్కలైంది.

అభయసేనుడికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ తను ఎక్కింది వాడి కోసం, పారేసుకున్నది వాడి కోసం, ఇప్పుడు మేకను కొట్టినా వాడు కోరుకున్నదే అవుతుంది. కొట్టకపోతే కువలయ రాయి అవుతుంది. ఎటు తిరిగినా వాడిదే పైచేయి. జంగవ్వ విరిగిన కాలు పట్టుకుని మూలుగుతూనే ఆయన్ను గదిమింది. కొట్టిన జంతువు వేటగాడి వీపు మీద ఉన్నంతసేపూ దాన్ని తాకే శక్తి మనిషికీ లేదు, మాంత్రికుడికీ లేదని, నేలమీద దించితేనే అది ఎవరికైనా సొంతమని చెప్పింది. దించకుండా తీసుకుపోతే వాడేం చేయలేడు. పొద్దు వాలేలోగా పోయి కొట్టుకు రమ్మంది.

యువరాజు ఆమెను గాలి తగలని బండ చాటున కూర్చోబెట్టి, తన పైబట్ట కప్పి, విల్లు పట్టుకుని పరుగెత్తాడు. వీపు మీద ఏమీ లేదు. ఆహా, ఆ తేలిక! కాళ్ళు మంచును తాకీ తాకనట్టు పోతున్నాయి. ఒక శిఖరం ఎక్కాడు, ఒక గండి దూకాడు, గొంతు దాకా మంచు జారిపడితే ఈదుకుంటూ బయటపడ్డాడు. సాయంకాలపు ఎండలో కొండ కొమ్ములన్నీ కుంకుమ పూసుకున్నట్టున్నాయి. అన్నిటికంటే పై కొమ్మున నీలశృంగం నిలబడి ఉంది. పొదిలో మిగిలింది ఒకే బాణం. ఈసారి ఎవరూ లాగలేదు. బాణం గుండెలో దిగింది.

మేక ఏడాది దూడంత ఉంది. కాళ్ళు నాలుగూ తన ఛాతీ మీద ముడివేసి, దాన్ని వీపుకు ఎత్తుకుని యువరాజు దిగడం మొదలుపెట్టాడు. అలసిపోతే నిలబడే రొప్పాడు గాని దించలేదు. ఆయన మనసుకు ఇన్నాళ్ళకు కాస్త ఊరట కలిగింది. మేక దొరికింది. అవ్వను ఎలాగో ఒకలా చేర్చాలి.

బండ చాటుకు వచ్చాడు. అక్కడ ఇద్దరు జంగవ్వలు కూర్చుని ఉన్నారు.

ఇద్దరికీ అదే ఎండుకట్టె ఒళ్ళు, అదే ఎడమకాలు అదే వంకరలో విరిగి ఉంది. ఆయన పైబట్ట చెరొక కొస ఇద్దరి భుజాల మీదా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటూ, వీడే ఆ పొగదొంగ అని ఒకే గొంతుతో అరుస్తున్నారు. యువరాజుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏదైనా అడిగి తేల్చుకుందామనుకున్నాడు. కనుమ దగ్గర పారేసిన వాటిలో మొదటిది ఏదని అడిగాడు. పట్టుదుప్పటి, అన్నారు ఇద్దరూ. సన్నాయి మేళం గురించి ఏమన్నావని అడిగాడు. చెవిటి జంతువు, అన్నారు ఇద్దరూ. కనుమ దగ్గరా, దారి పొడుగునా తనూ అవ్వా ఆడుకున్న ప్రతి మాటా, తిట్టుకున్న ప్రతి తిట్టూ ఆ దొంగ మొదట కుప్పలో, తర్వాత మూటలో కూర్చుని విన్నాడు. ఇక అడిగి లాభం లేదు.

దగ్గరికి పోయి కాలు తడిమి చూద్దామంటే వంగాలి, వంగితే మేక జారుతుంది. ఒకరిని ఎత్తుకుందామంటే మేకను దించాలి. ఒకవేళ మాంత్రికుణ్ణే ఎత్తుకుంటే, వాడు కనుమ దాటిపోతాడు, అవ్వ ఇక్కడ మంచులో చస్తుంది.

అప్పుడు ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం కలిగింది. ఇద్దరినీ వదిలేసి పోతే? మాంత్రికుడు కనుమ దాటలేక ఈ కొండమీదే పడి ఉంటాడు. రాజ్యానికి పీడ విరగడవుతుంది. మేక వీపు మీదే ఉంది. చెల్లెలు బతుకుతుంది. పోయేది ఒక్క ముసలి ప్రాణం.

ఆ ఆలోచన ముఖంలో కనపడిందేమో, అరుపులు ఆగిపోయాయి.

"నన్ను ఈడనే ఇడిసిపెట్టు దొరా. నీ చెల్లెల్ని చూసుకో పో" అంది ఎడమ పక్క జంగవ్వ.

"నన్ను ఈడనే ఇడిసిపెట్టు దొరా. నీ చెల్లెల్ని చూసుకో పో" అంది కుడి పక్క జంగవ్వ.

ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. వాటిలో రెండు చుక్కలు నిజమైనవి. యువరాజు వాటి కోసం చాలాసేపు చూశాడు. కనిపెట్టలేకపోయాడు.

ఆయన నడికట్టు విప్పాడు. పొడుగాటి గట్టి గుడ్డ. తన నడుముకు ఒక చుట్టు చుట్టి ముడివేసి, రెండు కొసలూ వెనక్కి వదిలాడు. నడుములకు కట్టుకుని మంచు మీద కూర్చోమని చెరొక కొసా ఇద్దరి చేతుల్లోకి విసిరాడు.

"ఆ దొంగను గూడా ఈడుస్తావా?" అన్నారు ఇద్దరూ.

"నిన్ను వదలకూడదంటే వాణ్ణి కూడా ఈడవక తప్పడం లేదవ్వా" అన్నాడు అభయసేనుడు. "ఎవరివో నాకు తెలీదు. గట్టిగా పట్టుకో."

మొదటి అడుగుకు గుడ్డ బిగుసుకుంది. రెండు కొసల్లో ఏదో ఒకటి ఎక్కువ బరువుంటే దొంగ దొరికిపోతాడని ఆశపడ్డాడు. రెండూ ఒకే బరువు. మూడో అడుగుకు రెండూ సమానంగా బరువెక్కాయి. ఎదుట అగాధం నిండా మబ్బు ముసురుకుంటోంది. మంచువంతెన విరిగి ఆ మబ్బు అడుగున పడి ఉంది, అగాధం దాటడానికి కావలసిన తాడు ఆయన చేత్తోనే పారేశాడు. వెనక నుంచి ఇద్దరు జంగవ్వలూ, ఇట్లాంటి తెలివితక్కువ దొరను ఎక్కడా చూడలేదని ఒకేసారి తిట్టడం మొదలుపెట్టారు. యువరాజు తల వంచుకుని ఇంకో అడుగు వేశాడు.